‘రీడిప్లాయ్‌మెంట్’కి తెలుగులో ఏమనాలి?

ఉన్న ఉద్యోగుల్నో యంత్రాల్నో నిధుల్నో ఒక పని నుంచి ఇంకో పనికి మార్చడాన్ని సర్క్యులర్లో తెలుగులో ఏమని రాయాలని మీరడిగారు. జవాబుల్లో ఒకరు ‘పునర్నియామకం’ అన్నారు, అది మాత్రం వద్దండీ. రిటైరైనవాళ్లనో తీసేసినవాళ్లనో మళ్లీ పెట్టుకుంటే అది పునర్నియామకం. మీరడిగిన సందర్భంలో మనిషి ఉద్యోగంలోనే ఉన్నాడు, చేసే పని మారింది. బదిలీ కూడా సరిపోదు, ఎందుకంటే బదిలీ అయిన తహసీల్దారు ఇంకో మండలంలోనూ తహసీల్దారే.

దీనికి వాడుకలో ఉన్న మాట సర్దుబాటు. తెలంగాణలో 2020లో వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) వ్యవస్థ రద్దు చేసి, 2022లో వాళ్లని లాటరీ తీసి వేరే శాఖలకి పంపినప్పుడు పేపర్లు ‘వీఆర్వోల సర్దుబాటు’ అనే రాశాయి. పిల్లలు తక్కువున్న బడి నుంచి టీచర్లు చాలని బడికి పంపితే అదీ ‘పని సర్దుబాటే’.

నాకు సరదాగా అనిపించేది ఆ చివరి ‘బాటు’. తడబడితే తడబాటు, పొరబడితే పొరబాటు, కట్టుబడితే కట్టుబాటు, తిరగబడితే తిరుగుబాటు, ఇవన్నీ ఆ మనిషి తనకు తానుగా చేసేవి, లేదా తనకి జరిగేవి. (దిద్దుబాటు ఈ వరసలో ఇమడదు, తెలుసు, దాని మీద విడిగా కొట్టుకుందాం.) ఆ లెక్కన సర్దుబాటు కూడా కొత్త శాఖలో ఏ ఫైలు ఎక్కడుందో తెలియక సర్దుకునేవాడి పనే. ఆర్డర్లో మాత్రం ‘సర్దుబాటు చేయడమైనది’ అని పైవాళ్లు ఆ క్రియ లాగేసుకుంటారు, అప్పుడు మనిషి కాస్తా బీరువాలో సామానైపోతాడు.

డబ్బుకీ నీళ్లకీ మనకి వేరే మాట ఉంది, మళ్లింపు. అయితే ఇదో తిరకాసు మాట. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల పథకం మొదలయ్యాక గోదావరి నీళ్లని పోలవరం కుడి కాలువ మీదుగా కృష్ణాకి ‘మళ్లించారు’ అంటే ఎవరికీ తప్పనిపించదు, అదే ‘నిధులు మళ్లించారు’ అనండి, వెంటనే విచారణ జరపాలంటారు! పద్ధతి ప్రకారం అనుమతి తీసుకుని ఒక పద్దులో మిగిలింది ఇంకో పద్దుకి మార్చినా సరే, ఆ వాసన పోదు. అందుకే డబ్బు విషయంలో నేనైతే ‘కేటాయింపు మార్చారు’ అని ఊరుకుంటాను.

మనుషులకీ యంత్రాలకీ నిధులకీ కలిపి ఒకే సంస్కృత సమాసం తయారుచేసుకోవాలన్న సూచన నాకు నచ్చలేదు. మీ సర్క్యులర్ ఉద్యోగుల గురించే అయితే ‘ఫలానా విభాగంలో సర్దుబాటు’ అని రాసి, పక్కనే కొత్త పని ఏమిటో, పాత సీనియారిటీ ఉంటుందో లేదో కూడా రాయండి. చదివేవాళ్లు వెతికేది అదే.