డిప్రెషన్ మందులు వాడుతూ మద్యం తీసుకోవచ్చా?

ప్రశ్న: నేను 6 వారాలుగా రోజుకు 50 మిల్లీగ్రాముల సెర్ట్రలిన్ వాడుతున్నాను. నిద్ర, ఆకలి కొంత కుదుటపడ్డాయి. వచ్చే వారం మిత్రుల విందు ఉంది. ఆ ఒక్క రోజు మాత్ర మానేసి, రెండు గ్లాసుల మద్యం తీసుకుంటే ప్రమాదమా? డాక్టరు గారిని అడగడానికి మొహమాటంగా ఉంది.

మొదటి జవాబు: మాత్ర మానే ఆలోచనను ముందు విరమించుకోండి. రక్తంలో సెర్ట్రలిన్ సగానికి తగ్గడానికే సుమారు 26 గంటలు పడుతుంది కనుక, ఒక పూట మానినంత మాత్రాన మందు ఒంట్లోంచి పోదు. మద్యం తాగిన కాసేపు మనసు తేలికపడినట్టు అనిపించినా, అది మెదడును మందగింపజేసే పదార్థమే కాబట్టి, నిద్రను చెడగొట్టి, మర్నాటికి దిగులును పెంచి, ఇన్ని వారాల చికిత్స ఇచ్చిన మేలును దెబ్బతీయవచ్చు.

రెండవ జవాబు: పై మాట నిజమే గానీ, అన్ని మందులూ ఒకటి కావు. అమిట్రిప్టిలిన్, మిర్టాజపిన్ వంటివాటితో మద్యం కలిస్తే మత్తు బాగా పెరుగుతుంది. వాహనం నడపడం అటుంచి, మెట్లు దిగడమే కష్టం కావచ్చు. బ్యుప్రోపియాన్‌తో అతిగా తాగితే మూర్ఛ వచ్చే ముప్పు, డులాక్సెటిన్‌తో కాలేయానికి ముప్పు పెరుగుతాయి. ఫెనెల్‌జిన్ వంటి పాతతరం మందులు వాడేవారిలోనైతే, పీపా బీరులోనూ కొన్ని వైన్‌లలోనూ ఉండే టైరమిన్ అనే పదార్థం వల్ల రక్తపోటు ప్రాణాపాయ స్థాయికి చేరవచ్చు.

ప్రశ్న అడిగినవారు: మాత్ర మానను. నాకు రోజూ తాగే అలవాటు లేదు. విందుకు ముందే డాక్టరు గారికి ఫోన్ చేస్తాను.

మూడవ జవాబు: మంచిది. రోజూ ఎక్కువగా తాగేవారు మాత్రం వైద్యుల పర్యవేక్షణ లేకుండా ఒక్కసారిగా తాగుడు మానకూడదు. వణుకు, మూర్ఛ రావచ్చు.