ఎగ్జిమా దురదకు ఆక్యుపంక్చర్ పనిచేస్తుందా?

ప్రశ్న:
పదేళ్లుగా నాకు మోచేతి మడతల్లోను, మోకాళ్ల వెనుక ఎగ్జిమా ఉంది. పగలు ఎలాగో ఓర్చుకుంటాను గాని, రాత్రి దుప్పటి కప్పుకొని ఒళ్లు వెచ్చబడగానే దురద మొదలై, తెల్లవారేసరికి గోళ్ల సందుల్లో నెత్తురు కనిపిస్తుంది. స్టెరాయిడ్ పూతమందు రాసినన్నాళ్లు తగ్గి, మానగానే తిరగబెడుతోంది. మందులు మానేసి ఆక్యుపంక్చర్‌కు మారవచ్చా?

జవాబు 1:
దురద తగ్గడం వేరు, ఎగ్జిమా తగ్గడం వేరు. 2010లో వెలువడిన ఒక జర్మన్ అధ్యయనంలో 30 మంది ఎగ్జిమా రోగులకు అలెర్జీ కారకంతో చర్మం మీద దురద పుట్టించి, మోచేతి మడత బయటి కొసన, మోకాలి పైన తొడ లోపలివైపున ఉండే రెండు బిందువుల వద్ద సూదులు గుచ్చారు. సంబంధం లేని చోట గుచ్చినప్పటికంటే, అసలు గుచ్చనప్పటికంటే దురద తక్కువగా ఉన్నట్టు తేలింది. అయితే వారు కొలిచింది అప్పటికప్పుడు పుట్టించిన దురదనే గాని, మీలా ఏళ్ల తరబడి వేధించే దురదను కాదు. ఆ ఒక్క ఫలితాన్ని చూసి పూతమందు మానడం నా దృష్టిలో తొందరపాటే.

జవాబు 2:
నేను ఎనిమిది సార్లు చేయించుకున్నాను. గుచ్చేటప్పుడు చీమ కుట్టినట్టు ఉండి, తరువాత లోపల ఏదో బరువుగా లాగుతున్నట్టు అనిపించేది. ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టేది, మూడో రోజుకు దురద మళ్లీ వచ్చేది. అది సూదుల మహిమో, అరగంట కదలకుండా కళ్లు మూసుకుని పడుకున్నందువల్లనో నేను చెప్పలేను (ఇంట్లో అలా పడుకోనిచ్చేదెవరు!). పూతమందును, తేమనిచ్చే క్రీమును మాత్రం ఒక్కరోజు కూడా మానలేదు.

జవాబు 3:
ముందు అది ఎగ్జిమాయేనని చర్మవైద్యుల చేత నిర్ధారించుకోండి. రాత్రిపూట ఇంటిల్లిపాదికీ దురద పెడుతుంటే అది గజ్జి కావచ్చు, దానికి కారణమైన పురుగు సూదులకు చావదు. దద్దుర్లేమీ లేకుండా ఒళ్లంతా దురదగా ఉంటే మూత్రపిండాలు, కాలేయం, థైరాయిడ్ పరీక్షలు చేయించాలి. సోరియాసిస్ ఉన్నవారికి సూది గుచ్చిన చోటనే కొత్త మచ్చ లేచే అవకాశం ఉంది. రసి కారుతున్న చర్మం మీద గుచ్చనివ్వకండి, ప్రతిసారీ కొత్త సూదుల పొట్లం మీ ఎదుటే విప్పమనండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి.

ప్రశ్న అడిగినవారు:
నాది ఎగ్జిమాయేనని వైద్యులు ఇదివరకే నిర్ధారించారు. రక్తం పలచబడే మాత్ర రోజూ వేసుకుంటున్నాను, ఆ సంగతి చెప్పాలన్న ఆలోచనే నాకు రాలేదు. మందులు కొనసాగిస్తూనే, ఆ వైద్యులను అడిగిన తరువాతే సూదుల సంగతి చూస్తాను.