‘ది అపార్ట్‌మెంట్’ (1960): ఇంత పొగడ్తకి తగిన సినిమాయేనా?

మొండిఘటం:

దర్శకుడు బిల్లీ వైల్డర్ తీసిన ‘ది అపార్ట్‌మెంట్’ పేరెత్తితే చాలు, సినిమా తెలిసినవాళ్లంతా దణ్ణం పెట్టేస్తారు. 10 నామినేషన్లు, 5 ఆస్కార్లు, అందులో ఉత్తమ చిత్రం, దర్శకత్వం, స్క్రీన్‌ప్లే. నవ్విస్తూ మొదలై గుండె పిండే సినిమాలకి ఇదే కొలబద్ద అంటారు. నాకా కొలబద్ద కాస్త వంకరగా కనిపిస్తోంది.

చూడనివాళ్లకి కథ రెండు ముక్కల్లో. ముగింపుతో సహా మాట్లాడుకుంటాం కాబట్టి వద్దనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోండి. న్యూయార్క్‌లో ఓ పెద్ద ఇన్సూరెన్స్ కంపెనీలో గుమాస్తా బ్యాక్స్టర్ (జాక్ లెమ్మన్). నలుగురు మేనేజర్లు భార్యలకి తెలియకుండా అమ్మాయిల్ని తెచ్చుకోవడానికి సాయంత్రాలు అతని ఫ్లాట్ వాడుకుంటారు. బదులుగా ప్రమోషన్‌కి సిఫార్సు చేస్తారు. పై అధికారి షెల్డ్రేక్ (ఫ్రెడ్ మెక్‌ముర్రే) కూడా తాళంచెవి అడుగుతాడు. అతను తెచ్చేది లిఫ్ట్ నడిపే ఫ్రాన్‌ని (షర్లీ మెక్లేన్). బ్యాక్స్టర్ మనసు పారేసుకున్నది ఆమె మీదే.

మొదటి సగమంతా హీరో చేసే చండాలాన్ని నవ్వుతూ మింగేలా చేస్తారు. క్రిస్మస్ ముందురోజు రాత్రి ఫ్రాన్ అదే ఫ్లాట్‌లో నిద్రమాత్రలు మింగగానే అతను దేవుడైపోతాడు. వాడిచ్చిన తాళంచెవితోనే కదా ఆమె ఆ మంచం దాకా వచ్చింది? సినిమా ఆ ప్రశ్న అడగదు. పైగా ఆమె కోలుకునేదాకా కథ ఆ గదిలోనే చతికిలబడుతుంది. ఇక చివర్లో పేలింది తుపాకీయా, షాంపేన్ సీసా మూతా అనే గిమ్మిక్కొకటి. మంచి సినిమా అంటే ఒప్పుకుంటా. అంత గొప్పదా?

స్క్రీన్‌ప్లే_పిచ్చి:

గిమ్మిక్కు అన్నారు కాబట్టి అక్కణ్ణుంచే వస్తా. ప్రేక్షకుడికి చూపించాల్సింది దాచిపెట్టి చివర్లో బయటికి తీస్తే అది గిమ్మిక్కు. ఇక్కడ దాచిందేమీ లేదు. ఫ్రాన్ మంచం మీద ఉండగానే బ్యాక్స్టర్ తన పాత కథ చెప్తాడు: స్నేహితుడి భార్య మీద మనసుపడి, కాల్చుకుని చావాలనుకుని, తడబడి మోకాల్లో కాల్చుకున్నాడు. అప్పుడది నవ్వుకోవడానికి చెప్పినట్టే ఉంటుంది. డిసెంబర్ 31 రాత్రి ఫ్లాట్ ఖాళీ చేస్తూ ఆ తుపాకీని మన కళ్లముందే సర్దుతాడు. అప్పుడే పక్క ఫ్లాట్ డాక్టర్ ఐసు కోసం వస్తాడు. షాంపేన్ సీసా కూడా తీసుకెళ్లమంటే ఆయన వద్దంటాడు. తుపాకీ, సీసా రెండూ మనం చూశాం. ఫ్రాన్‌కి తెలిసింది తుపాకీ కథ ఒక్కటే. చప్పుడు వినగానే మనం సీసా సంగతి మర్చిపోయి ఆమెతో పాటు మెట్లెక్కుతాం. వైల్డర్, ఐ.ఎ.ఎల్. డైమండ్ కలిసి రాసిన స్క్రిప్టులో ఇలాంటి ముడులు చాలా ఉన్నాయి.

అన్నిట్లోకీ గట్టిది అద్దం. ఒక రాత్రి అయ్యాక బ్యాక్స్టర్‌కి ఫ్లాట్‌లో ఎవరో ఆడమనిషి పౌడర్ డబ్బా దొరుకుతుంది, లోపలి అద్దం పగిలి ఉంటుంది. షెల్డ్రేక్‌కి తిరిగిచ్చేస్తాడు. అప్పటికి అది ఎవరిదో అతనికి తెలియదు. మనకి మాత్రం తెలుసు. ఆ తర్వాత ఆఫీసులో క్రిస్మస్ పార్టీ. కొత్తగా ఆఫీసరైన బ్యాక్స్టర్ కొత్త టోపీ పెట్టుకుని ఎలా ఉందని ఫ్రాన్‌ని అడుగుతాడు. ఆమె చూసుకోమని తన పౌడర్ డబ్బా ఇస్తుంది. తెరుస్తాడు. పగిలిన అద్దంలో అతని మొహం రెండు ముక్కలు. అద్దం పగిలిందని మాత్రమే పైకి అంటాడు. షెల్డ్రేక్ తెచ్చేది ఫ్రాన్‌నే అని అతనికి తెలిసిపోవడం, ఆ మొహం మీది నవ్వు చచ్చిపోవడం, ప్రమోషన్ టోపీ పరువు పోవడం అన్నీ ఒక్క షాట్‌లో. దాని ముందే షెల్డ్రేక్ సెక్రటరీ మిస్ ఓల్సెన్ తాగిన మత్తులో అతని పాత వ్యవహారాలన్నీ ఫ్రాన్‌కి చెప్పేసింది. అంటే ఆ గదిలో ఇద్దరి గుండెలూ పగిలే ఉన్నాయి. ఒకరి సంగతి ఇంకొకరికి పూర్తిగా తెలియదు. ఇదే సీన్ వేరేవాళ్లు రాస్తే రెండు పేజీల డైలాగు పట్టేది.

మొండిఘటం:

అద్దం సీనుకి నేనూ ఫ్లాటే. కానీ తాళం గట్టిదైనంత మాత్రాన పెట్టెలో బంగారం ఉన్నట్టు కాదుగా. నా పేచీ నీతి లెక్క గురించి.

బ్యాక్స్టర్‌ని సమర్థించేవాళ్లు ‘పాపం చిన్న ఉద్యోగి, పైవాళ్లు అడిగితే కాదనలేడు’ అంటారు. సినిమా మొదట్లో అతని నోటే విన్నవి లెక్కేయండి: వారానికి చేతికొచ్చేది 94 డాలర్ల 70 సెంట్లు. ఇంటద్దె నెలకి 80 డాలర్ల పైచిలుకు, అదీ ఇంటి ఓనరావిడ పాత ఏసీ పెట్టించి పెంచాక. అంటే నెల అద్దె ఒక వారం జీతానికి లోపే. నెలకి 400 డాలర్లు దాటే జీతంలో ఐదో వంతు. నిలువ నీడలేక లొంగిపోయినవాడు కాదు, ప్రమోషన్ కోసం బేరం పెట్టుకున్నవాడు. సినిమా ఆ బేరాన్ని జలుబు, జ్వరం, పార్కు బెంచీ పెట్టి జాలిలో ముంచేస్తుంది.

కత్తెర:

మీ అంకెలు కరెక్టే. కాకపోతే అవే అంకెలు నాకు వేరే సంగతి చెప్తున్నాయి. ఆ మొదటి మాటల్లోనే హెడ్డాఫీసులో 31,259 మంది ఉద్యోగులనీ, తనది 19వ అంతస్తులో 861వ బల్ల అనీ చెప్తాడు. అందరూ ఒకేసారి బయటికొస్తే లిఫ్టులు చాలవని ఒక్కో అంతస్తుకి ఒక్కో టైము. అతనిది 8:50 నుంచి 5:20. మనిషిని పేరుతో కాకుండా బల్ల నంబరుతో గుర్తించే చోట పెద్ద ఆఫీసర్లుండే ‘27వ అంతస్తు’ అన్న ఆశ డబ్బు కన్నా పెద్దది. బేరం నీచమే, కానీ ఆ నీచత్వం ఎక్కణ్ణుంచి పుట్టిందో సినిమా గోడలతో సహా కట్టి చూపించింది.

గోడలని ఊరికే అనలేదు. కళాదర్శకుడు అలెగ్జాండర్ ట్రావ్నర్ వేసిన ఆఫీసు సెట్ చూడండి. వెనక్కి వెళ్లేకొద్దీ బల్లల సైజు తగ్గించుకుంటూ పోయాడు, వాటి దగ్గర పొట్టివాళ్లని కూర్చోబెట్టాడు. పైకప్పు లైట్ల వరసలు కూడా దూరంగా ఒక చుక్క దగ్గర కలిసిపోయేట్టు ఉంటాయి. దాంతో స్టూడియో హాలు అంతూపొంతూ లేని మైదానంలా కనిపిస్తుంది. 5 ఆస్కార్లలో ఒకటి దీనికే. జోసెఫ్ లషెల్ దాన్ని 2.35:1 వెడల్పు తెర మీద నలుపు తెలుపులో పట్టాడు. అప్పట్లో అంత వెడల్పు తెర అంటే యుద్ధాలు, గుర్రాలు, ఎడారులు. దాన్ని తెచ్చి ఇరుకు ఫ్లాట్‌లో ఒంటరిగా టీవీ ముందు తింటున్నవాడి మీద పెట్టారు. అతని చుట్టూ మిగిలే ఖాళీయే ఆ సినిమా. పక్కలు కోసేసిన టీవీ ప్రింటులో చూసి ‘సాగింది’ అనేవాళ్లున్నారు. ఖాళీ కోసేస్తే సాగినట్టే ఉంటుంది మరి.

నేలక్లాసు:

ఇంతసేపూ తాళంచెవులూ అద్దాలేనా? అసలు గొడవ ఆడవాళ్ల దగ్గరుంది. మేనేజర్లు తెచ్చే అమ్మాయిలంతా నవ్వులాటకే. ఒకామె మార్లిన్ మన్రోలా ఉంటుంది, అదే జోకు. బార్లో బ్యాక్స్టర్‌కి తగిలే మార్జీ, భర్త క్యూబా జైల్లో ఉన్నావిడ, ఆమె బాధా జోకే. ఏడుపు హక్కు ఫ్రాన్ ఒక్కదానికే ఇచ్చారు. నిజానికి వీళ్లలో ఏదైనా చేసింది మిస్ ఓల్సెన్. షెల్డ్రేక్ ఉద్యోగం ఊడగొడితే నేరుగా అతని భార్యకే ఫోన్ చేసి గుట్టు విప్పింది. ఆ తర్వాత సినిమా ఆమె మొహం కూడా చూడదు.

స్క్రీన్‌ప్లే_పిచ్చి:

ఓల్సెన్ విషయంలో మీతోనే ఉంటా, ఆమెకి ఇంకో సీన్ బాకీ. మార్జీ మీద మాత్రం కాదు. ఆమె అక్కడ ఎందుకుందో చూడండి.

ఆ రాత్రి వరస ఇది. షెల్డ్రేక్‌కి ఫ్రాన్ గ్రామఫోన్ రికార్డు కానుకగా తెస్తుంది. అతను ఏమీ కొనలేదు, పర్సులోంచి 100 డాలర్ల నోటు తీసిస్తాడు. ఆ నోటుతో ఆమెకి తన ధర తెలిసింది. అతను రైలు కోసం వెళ్లిపోతాడు, ఆమె బాత్రూంలో మాత్రలు చూస్తుంది. కట్ చేస్తే బార్లో బ్యాక్స్టర్, మార్జీ తాగుతూ ఉంటారు. ఇంటికొస్తారు. పడగ్గదిలో ఫ్రాన్ పడుకుని ఉంటే ఇతను వెటకారమాడతాడు, హోటల్ ఖాళీ చేసే టైము దాటిపోయింది, లేచి పొమ్మన్నట్టు. అప్పుడు కనిపిస్తుంది ఆమె చేతిలో ఖాళీ సీసా. ఇవతల గదిలో మార్జీ రికార్డు పెట్టుకుని ఒక్కతే డాన్స్ చేస్తూ ఉంటుంది.

సంగీతం ఒక గదిలో, చావు ఇంకో గదిలో. మార్జీ లేకపోతే అక్కడ కామెడీ ఒక్కసారిగా ఆగిపోయేది, రెండు సినిమాలు అతికించినట్టుండేది. ఆ తర్వాత వచ్చే నవ్వులు చాలావరకు నిజం తెలియనివాళ్ల నుంచే వస్తాయి: మార్జీ, బ్యాక్స్టరే పాపిష్టివాడనుకునే డాక్టరు, క్రిస్మస్ రోజున ఇంకో అమ్మాయితో తలుపు తట్టే మేనేజర్ కిర్క్‌బీ. డాక్టర్ కడుపు కడిగేటప్పుడు, ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు, చెంపలు వాయించి కాఫీ తాగించి గదిలో నడిపించేటప్పుడు ఒక్క జోకు పెట్టలేదు. ఈ కొలత తప్పినవాళ్ల సినిమాల్లోనే ‘సెంటిమెంట్ పార్ట్’ అని వేరుగా కనిపిస్తుంది.

మొండిఘటం:

కొలత గురించి ఒప్పుకున్నాను. నా ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు. డాక్టర్ తిట్లు పడతాడు, ఫ్రాన్ బావ చేత గుద్దు తింటాడు, షెల్డ్రేక్ పేరు బయటపెట్టడు. బాగుంది. తను చెయ్యని తప్పు నెత్తినేసుకున్నాడు. చేసిన తప్పు, ఆ తాళంచెవి అమ్ముకోవడం, దానికి ఆమె ముందు ఎప్పుడు తలొంచాడు?

కత్తెర:

మాటల్లో వంచలేదు. ఈ సినిమాలో ఎవరూ మాటల్లో ఏమీ వంచరు. చివర్లో షెల్డ్రేక్ మళ్లీ ఫ్లాట్ తాళంచెవి అడిగితే, 27వ అంతస్తు ఆఫీసర్ల బాత్రూం తాళంచెవి బల్ల మీద పెట్టి వచ్చేస్తాడు. దేనికోసం బేరం పెట్టాడో దాన్నే తిరిగిచ్చాడు. ఫ్రాన్ తిరిగొచ్చేసరికి అతనికి ఉద్యోగం లేదు, ఇల్లు కూడా పెట్టెల్లో ఉంది. ముద్దు కూడా పెట్టుకోరు. అతను ప్రేమిస్తున్నానంటే ఆమె పేకముక్కలు పంచమంటుంది. పాపం కడిగేసుకున్న హీరోకి ఇచ్చే బహుమతిలా ఉందా అది?

మొండిఘటం:

ఉద్యోగం వదిలేశాడు నిజమే, ఎప్పుడు? అడిగింది ఫ్రాన్ కోసమని తెలిశాక. ఇంకే అమ్మాయి పేరు చెప్పినా తాళంచెవి ఇచ్చేవాడే.

స్క్రీన్‌ప్లే_పిచ్చి:

ఆ సీన్ మళ్లీ చూడండి, డైలాగుల వరస ముఖ్యం. బ్యాక్స్టర్ ముందు అనేది ‘నా ఫ్లాట్‌కి ఎవర్నీ తీసుకురావడానికి వీల్లేదు’ అని. షెల్డ్రేక్ ఫ్రాన్ పేరెత్తేది ఆ తర్వాత. అప్పుడు ‘ఆమెనైతే అసలే వద్దు’ అంటాడు. ముందు ‘ఎవర్నీ’, తర్వాతే ఆమె.

మొండిఘటం:

వరస మీరు చెప్పిందే, ఒప్పుకుంటా. కానీ అప్పటికి అతను షెల్డ్రేక్ ఎవరితో తిరుగుతున్నాడో తెలియని అమాయకుడేం కాదు. తాళంచెవి ఎవరికోసమో పేరు చెప్పకముందే అతనికి తెలుసు. ‘ఎవర్నీ’ అన్నప్పుడు అతని మనసులో ఉన్నది ఒక్కతే. షెల్డ్రేక్ ఓల్సెన్‌తో తిరిగిన రోజుల్లో ఇదే ఫ్లాట్ అడిగి ఉంటే ఏమనేవాడో, ఆ సీన్ రాసి చూపించండి.