పాలోళ్లు: తాగే పాలా, పంచుకునే పాలా?

పోస్టు: మాది హన్మకొండ దగ్గర ఊరు. మా దిక్కు పాలోళ్లల్ల, అంటే తండ్రి తరపు అన్నదమ్ముల ఇండ్లల్ల, ఎవరన్న పోతే పదొద్దులు అందరికీ సూతకమే, ఆ ఏడు పండుగ గూడ ఉండది. ఇప్పుడు కథేందంటే అమెరికాల ఉన్న మా తమ్ముడు డీఎన్ఏ కిట్టు తెప్పించుకుని చేయించుకున్నడు, అక్కడే ఉన్న మా పాలోళ్ల పిలగాడు గూడ చేయించుకున్నడు, ఇద్దరికి అస్సలు మ్యాచే రాలే. అమ్మ తరపు బావ మాత్రం లిస్టుల అందరికంటె పైన ఉన్నడు. మా నాయనమ్మనేమో పాలోళ్లంటే ఒక్క తల్లి పాలు తాగినోళ్ల సంతానం అని చెప్పేది. మరి ఈ మాటకి అసలు అర్థం ఏంది?

కామెంటు: తాగే పాలతోని దీనికి సంబంధం లేదన్నా, ఇది వాటా పాలు. పొలం సగం పాలుకు ఇచ్చిన అంటం, వందల పదిపాళ్లు అంటం, ఇదీ అదే. పుస్తకాలల్ల పాలివారు అని ఉంటది, మన నోట్ల పడి పాలోళ్లు అయింది. సంస్కృతంల దాయాది అన్నా గిదే లెక్క, దాయం అంటే పంచుకునే ఆస్తి. అంటే ఒక తాత భూమిల పాలు ఉన్నోళ్లు పాలోళ్లు. నాయనమ్మ చెప్పింది వినడానికి బాగుంటది గని మాట పుట్టింది చెల్కల, ఉయ్యాలల కాదు.

కామెంటు: అట్లయితే సాదుకున్నోళ్ల సంగతి? మా ఊర్ల ఒకాయన పిల్లలు లేక అక్క కొడుకుని దత్తత తెచ్చుకున్నడు, ఆయన మనుమలు ఇప్పుడు మాకు పాలోళ్లే, సూతకం గూడ పడుతరు.

రిప్లై: పడుతరు మరి, పాలు తీసుకున్నరు గదా! పేరు పోయేది పాలు ఎంబడి, రక్తం ఎంబడి కాదు. అట్లాంటి ఇంట్ల మగోళ్ల వై క్రోమోజోము చూస్తే మీతోని కలవకపోవచ్చు, ఎందుకంటే అది తండ్రి నుంచి కొడుక్కే వస్తది. ఇగ పోస్టు పెట్టినాయన సంగతికి వస్తే అంత దూరం పోనక్కర్లేదు. మామూలు కిట్టు చూసేది తల్లిదండ్రులిద్దరి నుంచి సగం సగం వచ్చే డీఎన్ఏని, తరం తరానికి అది సగమయితది, ఏ తునక ఎవరికి వస్తదో చెప్పలేం. అయిదు తరాల పైన తాతకాడ కలిసేటోళ్లల్ల దాదాపు సగం మందికి టెస్టుకు దొరికేపాటి తునక ఉండనే ఉండది. అంత మాత్రాన పాలోళ్లు కాకుండ పోరు. ఇద్దరు మగోళ్లు వై టెస్టు చేయించుకుంటే తండ్రి దిక్కు రక్తం కలుస్తదా లేదా అప్పుడు తెలుస్తది.

బావ పైన కనపడుడు గూడ వింత కాదు. అమ్మ అన్న కొడుకంటేనే ఎనిమిదో వంతు కలుస్తది, దానికి తోడు మనకాడ మేనరికాలు. మీ తాతో ముత్తాతో మేనమామ బిడ్డనే చేసుకుని ఉంటే రెండు దిక్కుల నుంచి వచ్చి కలుస్తది, కంపెనీ కంప్యూటరుకు గది తెలువది గనుక ఉన్నదానికంటే దగ్గరి చుట్టం అని చూపెడుతది. దానికి బావా తెలువదు, అన్నా తెలువదు, అందరు కజిన్లే! మనోళ్లు చిన్నాయన కొడుకుని తమ్ముడు అని, మేనమామ కొడుకుని బావ అని పిల్చుకుంటనే పాలు ఎవరితోటో పిల్ల ఎవరికో తేల్చి పెట్టిన్రు.

కామెంటు: మరి ఆడబిడ్డలకు పాలు లేదా ఇందుల? పెండ్లయితే సూతకం గూడ మూడొద్దులే అంటరు.

రిప్లై: ఆ లెక్కల లేదు, నాకైతే గది నచ్చది. అయితె ఒక ముచ్చట చెప్పాలె. మహబూబాబాద్ జిల్లా బయ్యారం చెరువుకాడ శాసనం వేయించింది కాకతీయ రాజు గణపతిదేవుని చెల్లె మైలాంబ, నతవాడి సీమ ఏలిన రుద్రుని భార్య. వెన్నడి నుంచి మొదలుపెట్టి గుండడు, ఎఱ్ఱడు అని కాకతీయుల తొలి తరాల పేర్లు వరుసగ చెప్పింది గదే. మెట్టినింటికి పోయిన ఆడబిడ్డ పుట్టినింటి మగోళ్ల లెక్క రాయిమీద పెట్టింది, ఇయ్యాల చరిత్రకారులు ఆ మొదటి తరాలకు దాన్ని గూడ పట్టుకుంటరు.

కామెంటు: ఇంతకీ పాలోళ్ల లెక్క తీయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలె?

రిప్లై: ముందుగాల ఇంట్ల పెద్దమనిషిని కూసోబెట్టి ఎవరు పోతే మనకు సూతకం అని అడుగుర్రి, చుట్టరికం ఏందని అడిగితే గంట చెప్పి అందర్నీ కలిపేస్తరు. తర్వాత తహసీల్ ఆఫీసుల 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఏ భూమి ఎవరిదని రాసిన పాత రికార్డు, దాని నకలు. ఒకే సర్వే నంబరు కింద పక్కపక్కన ఉన్న పేర్లు చూడుర్రి, అన్నదమ్ముల పంపకం అండ్ల కనపడుతది. అంతకు ముందటి భూమి సర్వే రికార్డు సేత్వార్ ఉర్దూల ఉంటది, చదివేటోళ్లు కావాలె. విరాసత్ కాయితాలు, అంటే వారసత్వం కింద భూమి పేరు మార్చిన కాయితాలు, ఇంట్ల ట్రంకుపెట్టెల ఉంటే పారేయకుర్రి, తండ్రి పేరు కొడుకు పేరు ఒక్కకాడ దొరికేది గండ్లనే. ఇగ మీ కులానికి కథ చెప్పేటోళ్లు వస్తున్నరా? పద్మశాలీలకు కూనపులోళ్లు, ముదిరాజులకు కాకిపడగలోళ్లు, మాదిగలకు డక్కలోళ్లు. చేర్యాల బొమ్మల పటం ఏసుకుని వచ్చి కులపురాణం చెప్పే కుటుంబాలు ఇంటిపేర్లు, గోత్రాలు నోటికి చెప్తయి. వాళ్లు వచ్చినప్పుడు ఫోన్ల రికార్డు పెట్టుర్రి, ఊకనే కాదు, వాళ్ల త్యాగం, అంటే కథకు ఇయ్యాల్సిన కట్నం, వాళ్లకు ఇచ్చి.