బూజు పట్టిన చెనిక్కాయలు (వేరుశనగ) ఏరి పారేస్తే, మిగతావి గానుగకు ఆడించుకోవచ్చా?

తిరుపతి_అమ్మ:
మా అత్తగారి ఊరి నుంచి రెండు బస్తాల చెనిక్కాయలు వచ్చాయి. పీకిన తర్వాత వాన పడి కుప్పలు తడిశాయట. పైకి బాగానే ఉన్న కాయను ఒలిస్తే లోపల గింజ మీద పసుపు కలిసిన ఆకుపచ్చ పొడి, వేలికి అంటుకుంటోంది. "అవి ఏరేసి మిగతావి ఆడించుకో" అంటారు అత్తగారు. మా ఆయనదీ అదే మాట. ఇంట్లో చిన్నపాప ఉంది, నాకు టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

పూతలపట్టు_రైతు:
ఏరేసి ఆడించుకోండక్కా. మా ఇంట్లో తాతల కాలం నుంచి అంతే. బాగా ఎండబెట్టాలి, అది ముఖ్యం. గుప్పెడు కాయలు చెవి దగ్గర ఆడిస్తే గలగలమనాలి.

చంద్రగిరి_మాస్టారు:
బూజంటే అంత భయం అక్కర్లేదమ్మా. 1928లో ఫ్లెమింగ్‌కు పెన్సిలిన్ దొరికింది బూజులోనే.

పశువైద్యం_రిటైర్డ్:
మాస్టారూ, ఆ బూజు వేరు, ఇది వేరు. అమ్మగారు చెప్పిన రంగును బట్టి ఇది ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు కావచ్చు. అది అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) మేపడం వల్లనని తేలింది. ఈ విషం బయటపడింది అప్పుడే. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని కాలేయం దెబ్బతిని వంద మందికి పైగా పోయారు. వేయించినా, కాచినా ఇది పూర్తిగా పోదు. గింజ మీద బూజు కనబడకపోయినా లోపల విషం ఉండవచ్చు. పాప ఉన్న ఇంట్లో ఆ కాయలు వాడకండమ్మా.

పూతలపట్టు_రైతు:
సార్, నేను చెప్పింది ఎండబెట్టమని. ఎండితే బూజు రాదా, వస్తుందా? ఆ ఒక్కటి చెప్పండి.

పశువైద్యం_రిటైర్డ్:
తేమ 8 శాతం లోపుకు దిగితే కొత్తగా పెరగదు. అప్పటికే చేరిన విషం ఎండబెట్టినా మిగిలే ఉంటుంది. పైగా ఇది గోదాములోనే పట్టేది కాదు. ఊడలు దిగి కాయ ముదిరే చివరి వారాల్లో వాన లేక నేల కాగితే, భూమిలో ఉండగానే పడుతుంది. చిత్తూరు మెట్ట చేలల్లో ఆ బెట్ట మనకు కొత్త కాదు కదా.

పూతలపట్టు_రైతు:
అంటే ఎండబెడితే బూజు రాదని ఒప్పుకున్నారు.

కాణిపాకం_కుర్రోడు:
అన్నా, ఆయన చెప్పింది అది కాదు.

గానుగ_ఇంటోడు:
మా నాన్న గానుగ నడిపాడు, ఇప్పుడు నేను నడుపుతున్నా. ఏరడం దండగ అనకండి సార్. విషం గింజలన్నిటికీ సమానంగా ఉండదు, కొన్నిట్లోనే కుప్పపడి ఉంటుంది. ముడుచుకుపోయినవి, నల్లబడ్డవి, పుచ్చినవి, పొర ఊడి రంగు మారినవి తీసేస్తే చాలావరకు తగ్గుతుంది. ఎగుమతి పప్పును రంగు చూసి ఏరే మిషన్లలో పోసేది అందుకే. ఆడించాక కూడా ఎక్కువ భాగం చెక్కలోనే ఉండిపోతుంది, నూనెలోకి దిగేది తక్కువ. మా అవ్వ నూనెను గాజు జాడీలో పోసి ఎండలో పెట్టేది. ఎండ తగిలితే నూనెలో ఉన్నది కొంత విరుగుతుందన్నది కూడా నిజమే.

తిరుపతి_అమ్మ:
తక్కువంటే ఎంత అన్నా? పోయినేడు ఇక్కడ ఒక గానుగలో, పేరు చెప్పను, కళ్లెదుటే ఆడించి ఇస్తామంటే లీటరుకు బయటికంటే ఎక్కువే పోసి కొన్నాను. నూనెలో ముక్కిపోయిన వాసన. అడిగితే "గానుగ నూనె ఇట్లాగే ఉంటుంది" అన్నారు. ఆ రోజు గోతాంలోకి తొంగిచూస్తే సగం నల్ల గింజలే.

గానుగ_ఇంటోడు:
ఒకడు చేశాడని అందరినీ అంటారా? రిఫైండ్ ప్యాకెట్‌కు అలవాటు పడ్డ ముక్కుకు గానుగ నూనె వాసనే తెలియదు.

తిరుపతి_అమ్మ:
నా ముక్కు సంగతి సరే. ఏరి తీసేసిన గింజలు ఎక్కడికి పోతాయి? అది చెప్పండి. ఇక్కడ అందరూ ఏరి పారేయండి, ఏరి పారేయండి అంటున్నారు. పారేసినవాళ్లు ఒక్కరున్నారా?

పూతలపట్టు_రైతు:
పారేయాలా? విత్తనాల నుంచి పీకుడు కూలీల దాకా అప్పు తెచ్చి పెట్టాం. పోయినేడు మార్కెట్‌లో నా కాయ చేత్తో నలిపి, నాలుగు గింజలు నల్లగున్నాయని మొత్తం లాట్‌కు ధర కోసినాడు ఒక వ్యాపారి. నేను, మా ఆడోళ్లు రాత్రులు కూర్చుని ఏరిన మంచి గింజకు ఒక్క రూపాయి ఎక్కువ పెట్టలేదు. నాసి గింజ బస్తా మాత్రం అదే మనిషి సగం ధరకు తీసుకుపోయినాడు. ఏం చేసుకుంటాడో నేను అడగలేదు. మీరు టౌన్‌లో కూర్చుని పారేయమంటే, ఆ బస్తా డబ్బులు మీరిస్తారా?

చంద్రగిరి_మాస్టారు:
కోపాలొద్దు నాయనా.

పూతలపట్టు_రైతు:
కోపం కాదు సార్, కడుపు మంట.

పశువైద్యం_రిటైర్డ్:
అమ్మగారు అడిగిందే అసలు ప్రశ్న. నాసి గింజ గానుగకు పోతుంది. నూనె ఒకరు కొంటారు, విషం ఎక్కువగా ఉన్న చెక్క ఆవులకు పోతుంది. ఆవు తిన్న అఫ్లటాక్సిన్‌లో కొంత ఎం1 అనే రూపంలో పాలలోకి దిగుతుంది. పాలు కాచినా అది పోదు. మన దేశంలో పాలకు కిలో లెక్కన అర మైక్రోగ్రాము దాటకూడదని హద్దు పెట్టారు. చిత్తూరు జిల్లాలో పాడి లేని ఊరేది? ఏరి తీసేశామనుకున్నది చుట్టు తిరిగి పాప గ్లాసులోకే వస్తుంది. ఉద్యోగంలో ఉన్నప్పుడు మేత మానేసి ఎండుకుపోయిన ఆవులను చూపిస్తే, ముందు చెక్క బస్తా విప్పమనేవాణ్ణి. గడ్డకట్టి, లోపల పచ్చగా ఉండేది. రైతుకు చెబితే "కొన్నది సార్, ఎట్లా పారేసేది" అనేవాడు.

గానుగ_ఇంటోడు:
నాసి గింజ నేను కొనను. కొనేవాళ్లు ఉన్నారు, కాదనను. వాళ్లు తక్కువకు నూనె అమ్ముతుంటే నా దగ్గరికి వచ్చినవాళ్లు "అక్కడ ఇరవై తక్కువ" అంటారు.

కాణిపాకం_కుర్రోడు:
మా పాల సెంటర్లో వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థం) చూసి డబ్బులేస్తారు. ఆవు ఏం చెక్క తిన్నదని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

తిరుపతి_అమ్మ:
పూతలపట్టు అన్నా, మీ నష్టం నేను తక్కువ చేయడం లేదు. మా రెండు బస్తాలూ ఆడించను, ఎవరికీ అమ్మను, ఆవులకు పెట్టను. అత్తగారితో మాట పడతాను. ఏరి, ఎండబెట్టిన గింజకు కిలోకు ఎంత ఎక్కువ ఇస్తే మీరు నాసి బస్తా అమ్మకుండా ఉండగలరు? మా వీధిలో గానుగ నూనె వాడేవాళ్లను అడిగి చూస్తాను.

పూతలపట్టు_రైతు:
ఈసారి కోతకు ఇంకా టైముంది. లెక్క వేసి చెప్తాను. ఒక్క ఇల్లయితే కుదరదక్కా, నాసి బస్తా డబ్బు మొత్తం మీ ఒక్కరి మీదే పడుతుంది. ఎన్ని ఇళ్లవాళ్లు తీసుకుంటారో ముందు చెప్పండి.