మృతుల పాపాన్ని తినే ఆచారం: మూలం ఎక్కడ?

ప్రశ్న: ఇంగ్లండ్, వేల్స్ సరిహద్దు పల్లెల్లో చనిపోయినవారి పాపాలను ఒక పేదవాడు రొట్టె రూపంలో తినేవాడని విన్నాను. ఈ ఆచారానికి ఆధారాలు ఏమిటో, అది ఎలా పుట్టిందో తెలిసినవారు దయచేసి వివరించగలరా?

జవాబు 1: ముఖ్యమైన ఆధారం 17వ శతాబ్దపు రచయిత జాన్ ఆబ్రీ రాతలే. హియర్‌ఫర్డ్ ప్రాంతంలో శవాన్ని బయటికి తెచ్చి పాడె మీద ఉంచాక, దాని మీదుగా ఒక రొట్టెను, మేపుల్ కొయ్య గిన్నెలో బీరును, ఆరు పెన్నీలను కూలికి పిలిచిన పేదవాడికి అందించేవారనీ, వాటిని స్వీకరించడంతో మృతుడి పాపాలన్నీ అతనివై, మృతుడు దయ్యమై తిరగకుండా ఉంటాడని నమ్మేవారనీ ఆయన రాశారు. ఆకలిగొన్నవాడి చేత ఇంత భారం మోయించడం నన్ను ఎంతో బాధిస్తుంది.

జవాబు 2: మూలం విషయంలో ఒకే మాట లేదు. యూదుల పాపాలను మోసుకొని ఎడారిలోకి వెళ్ళే మేకతో ఆబ్రీయే దీన్ని పోల్చారు. అంత్యక్రియల్లో పేదలకు అన్నదానం చేసే పాత అలవాటు నుంచి ఇది పెరిగిందన్న వాదన నాకు మరింత సబబుగా తోస్తుంది.

జవాబు 3: అందరూ పేదలే కారండీ. 1906లో మరణించిన రిచర్డ్ మన్‌స్లో ష్రాప్‌షైర్‌లో స్థితిమంతుడైన రైతు. తన బిడ్డలను పోగొట్టుకున్న దుఃఖంలో ఈ పని చేపట్టాడని చెబుతారు. రాట్లింగ్‌హోప్ చర్చి ఆవరణలోని ఆయన సమాధిని 2010లో బాగుచేయించారు.