అంగన్‌వాడీ పిల్లల ఏకాగ్రతను ట్యాబ్‌ మీద పరీక్షించినవాళ్లు ఉంటే సాయం చేయండి

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ. ఎమ్మే సైకాలజీ ప్రాజెక్టు కోసం ఇక్కడి అంగన్‌వాడీల్లో నాలుగైదేళ్ల పిల్లల ఏకాగ్రతను ట్యాబ్‌ మీద చూస్తున్నాను. తెర మీద చేప వస్తే తాకాలి, సొరచేప వస్తే తాకకూడదు. చేపను వదిలేస్తే ధ్యాస తప్పినట్టు, సొరచేపను తాకితే చెయ్యి ఆపుకోలేకపోయినట్టు లెక్క. స్పందించే వేగం ఒకేలా ఉందా, మారిపోతోందా అన్నదీ చూస్తాం.

మొన్న ఒక పాప సొరచేప రాగానే వేలు పైకెత్తి, "టీచర్, ఇది కరుస్తదా?" అని నా మొహంలోకి చూసింది. ఈలోగా రెండు చేపలు వెళ్లిపోయాయి. ట్యాబ్‌ వాటిని తప్పులుగా రాసుకుంది. నా దృష్టిలో ఆ పాపకు ధ్యాస లేక కాదు, ఆసక్తి ఎక్కువై. ఇలాంటి ట్రయల్స్‌ను మీరు లెక్కలోంచి తీసేస్తారా, ఉంచి నోట్‌ రాస్తారా?

ఇక్కడి పిల్లలకు చెరువు చేపలే తెలుసు. సొరచేప బదులు కప్ప పెడదామనుకుంటున్నాను. పాము పెడితే భయంతోనే చెయ్యి ఆపుతారు, అప్పుడు కొలిచేది వేరే అయిపోతుంది. బొమ్మ మారిస్తే వేరేచోట వచ్చిన స్కోర్లతో పోల్చడం కుదురుతుందా?

ఇంట్లో ఫోన్‌ అలవాటున్న పిల్లలకు, లేనివాళ్లకు తేడా చాలా కనిపిస్తోంది. అసలు పరీక్షకు ముందు ప్రాక్టీస్‌ ఎంతసేపు ఇవ్వాలి? ఐదు నిమిషాలు దాటితే నాలుగేళ్లవాళ్లు లేచి వెళ్లిపోతున్నారు, మధ్యలో విరామం ఇవ్వచ్చా? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.